దేవాలయ పరిశోధనము - శాస్త్రమర్యాద

పూర్వమీమాంస ధర్మమును విచారించును. ఉత్తరమీమాంస బ్రహ్మమును విచారించును. ఆ రెండు దర్శనముల ఆద్యసూత్రములందును ‘జిజ్ఞాస’ అను పదమే ప్రధానమైనది. జిజ్ఞాస యనగా తెలిసికొనవలెనను కోరిక. వేదమును పరమప్రమాణముగా నమ్మిన మహర్షులే వేదార్థమును గూర్చి ప్రశ్నలు వేసికొనిరి. ఆక్షేపణలను తామే ఎత్తిచూపిరి. సమాధానములను తామే వెదకిరి. కావున విచారించుట అవిశ్వాసమునకు చిహ్నము కాదు. అయితే విచారణకు ఒక మర్యాద కలదు. ఆ మర్యాదను పాటించిన విచారణ శ్రద్ధను దృఢపరచును. పాటింపని విచారణ శ్రద్ధనుగాని సత్యమునుగాని రక్షింపజాలదు.

నేడు విశ్వవిద్యాలయములలో చరిత్ర, సమాజశాస్త్రము, మానవశాస్త్రము, అర్థశాస్త్రము, భాషాసాహిత్యములు మున్నగు శాఖలయందు పట్టభద్రులైన విద్యార్థులు దేవాలయములను, ఉత్సవములను, భక్తసంఘములను, వృత్తికులముల ఆచారములను విషయముగా గైకొని పరిశోధన గ్రంథములు వ్రాయుచున్నారు. శ్రీనివాసుని పాదచ్ఛాయలోనే 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1961లో సంస్కృత విద్యాపీఠమును వెలసినవి. ఆ విద్యాపీఠమే 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమయ్యెను. దూరదేశములందును మన ఆలయములను గూర్చి చదువువారు కలరు.

అయినను భక్తులలో అనేకులకు ఈ పరిశోధనములయందు శంక తీరలేదు. ఇంటిలోని కుమారుడో కుమార్తెయో ‘నేను మన ఊరి గుడిని గూర్చి పరిశోధన చేసెదను’ అన్నప్పుడు పెద్దలకు సంతోషముతో పాటు సంకోచమును కలుగుచున్నది. తరతరములుగా దాచిన తాళపత్రములను పరిశోధకునకు చూపవచ్చునా యని అర్చకుడు ఆలోచించును. పాతలెక్కల కట్టలను విప్పి యిచ్చినచో ఏమి వచ్చిపడునో యని ధర్మకర్త వెనుదీయును. ఈ సంకోచమును అజ్ఞానమని త్రోసివేయరాదు; అట్లని దానినే తుదిమాటగా గైకొనరాదు.

మీమాంసకులు ఏ విచారణకైనను ఐదు అంగములను చెప్పిరి. అవి విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి. ఈ ఐదింటితో కూడిన విచారణకు అధికరణమని పేరు. ప్రస్తుత ప్రశ్నను గూడ ఆ క్రమముననే పరిశీలించుట యుక్తము.

విషయము

ఉదాహరణమునకు తిరుమలనే గ్రహింపవచ్చును. తిరుమల తిరుపతులలోని ఆలయముల గోడలపైనను, ప్రాకారములపైనను చెక్కబడిన శాసనములు వేయికి పైగా కలవు. వానిలో అత్యధికములు తమిళభాషలోనివి. తెలుగు కన్నడ శాసనములు కొద్ది. దేవస్థానమువారు వీనికి ప్రతులు తీయించి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, విజయరాఘవాచార్యులవారు మొదలగు పండితులచే పరిష్కరింపజేసిరి. 1930లో వీనిని గూర్చిన వివరణ గ్రంథమును, 1931 మొదలు 1938 వరకు శాసన సంపుటములును వెలువడినవి. మూలముతోపాటు ఆంగ్లానువాదమును చేర్చుటచే తమిళము రానివారికిని అవి అందుబాటులోనికి వచ్చినవి.

విజయనగర రాజుల కాలమునాటి ఒక సామాన్య శాసనమున నుండు సంగతులివి. ఒక దాత కొంత ధనమును స్వామివారి శ్రీభండారమున చెల్లించును. ఆలయపాలకులైన స్థానత్తారులు ఆ ధనమును గైకొని, స్వామివారి గ్రామములలో కాలువలు త్రవ్వించుటకును, చెరువులు బాగుచేయించుటకును వినియోగింతుమని ఒప్పుకొందురు. అందువలన హెచ్చిన పంటనుండి ఏయే దినములలో ఏయే నైవేద్యములు జరుగవలెనో, దానికి బియ్యమెంత, నేయి ఎంత, పెసలెన్ని, పెరుగెంత, మిరియములెన్ని, తాంబూలమునకు వక్కలు తమలపాకులు ఎన్ని యను లెక్క వరుసగా వ్రాయబడును. నివేదితమైన ప్రసాదమున నాలుగవ పాలు దాతకు చెందును. దీనికి శాసనములలో ‘విట్టవన్ విళుక్కాడు’ అని పేరు. ఇచ్చినవాని భాగమని అర్థము. ఈ ఏర్పాటు ఆచంద్రార్కముగా సాగవలెననియు, దీని రక్షణభారము శ్రీవైష్ణవులదనియు చెప్పి ముగింతురు.

ఈ సంపుటములను ఆధారముగా చేసికొని, అమెరికా దేశమున షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థియైన బర్టన్ స్టైన్ 1958లో తిరుపతి దేవాలయపు ఆర్థికవ్యవస్థను గూర్చి పరిశోధన గ్రంథమును సమర్పించి డాక్టరు పట్టమును పొందెను. మధ్యయుగమున దక్షిణదేశపు దేవాలయము నిర్వహించిన ఆర్థికకార్యమును గూర్చి 1960లో ఒక వ్యాసమును ప్రకటించెను. భక్తులు సమర్పించిన ధనము కోశాగారమున నిద్రింపక, కాలువయై, చెరువై, పంటయై, తిరిగి నైవేద్యమై వచ్చెనని ఆతడు శాసనముల సాక్ష్యముతో నిరూపించెను. దేవాలయమును విషయముగా గైకొన్న విశ్వవిద్యాలయ పరిశోధనమునకు ఇది ప్రసిద్ధమైన ఉదాహరణము.

సంశయము

ఇట్టి పరిశోధనము దేవాలయమునకును భక్తునకును ఉపకారమా, అపకారమా యనునది సంశయము. ఒకవైపు, ఎవరును చదువక గోడలపై మిగిలిపోయిన వేలకొలది పంక్తులకు అర్థము తెలిసినది. వేరొకవైపు, స్వామిసన్నిధిని లెక్కల పట్టికగా చూచుట సరియేనా యను ప్రశ్న కలిగినది. రెండు కోటులును సమబలముగా తోచునపుడే విచారణకు అవకాశము.

పూర్వపక్షము

పూర్వపక్షమును బలహీనముగా చెప్పి ఖండించుట పండితధర్మము కాదు. దానిని నమ్మినవారు ఎట్లు చెప్పుదురో, అంతకంటెను చక్కగా చెప్పవలెను. ఇక్కడ మూడు ఆక్షేపములు కలవు.

మొదటి ఆక్షేపము: దేవాలయము ఆగమసిద్ధము. తిరుమలలో అర్చన వైఖానసాగమము ననుసరించి జరుగును. ఆలయమెట్లు కట్టవలెనో, బింబమెట్లు ప్రతిష్ఠింపవలెనో, ఏ వేళ ఏ ఉపచారము చేయవలెనో ఆగమమే చెప్పుచున్నది. స్వామి మహిమను పురాణములు చెప్పుచున్నవి. తెలియవలసినదంతయు తెలిసియుండగా క్రొత్తగా పరిశోధింపవలసినదేమి?

రెండవ ఆక్షేపము: పరిశోధకుడు వెలుపలివాడు. సంప్రదాయము తెలియనివాడు తాను వెదకునదే చూచును, ఎదుటనున్నదానిని చూడడు. దీనికి తిరుమలలోనే నిదర్శనము కలదు. ఏ.డి. కాంబెల్ అను ఆంగ్లేయుడు తెలుగు వ్యాకరణమొకటి వ్రాసి 1816లో ప్రకటించెను. తిరుపతి ఆలయమున భద్రపరచిన రాగిరేకులలో తెలుగుభాషను గూర్చిన గ్రంథమొకటి కలదని విని, ఆతడు శ్రమపడి వాని ప్రతిని సంపాదించెను. చూడగా అందు వ్యాకరణము లేదు; దైవస్తుతిపరములైన కీర్తనలు మాత్రమే కలవని వ్రాసి ఊరకుండెను. ఆ రేకులు తాళ్లపాక కవుల సంకీర్తనములు! అన్నమాచార్యుల పదనిధి చేతిలోనికి వచ్చియు, కోరినది కాదను కారణమున, ఆతనికి విలువలేనిదయ్యెను.

మూడవ ఆక్షేపము: ఇట్టి పరిశోధనము దైవసన్నిధిని ధనవ్యవహారముగా చిత్రించును. భక్తుడు కన్నీటితో ఇచ్చిన కానుకను ‘పెట్టుబడి’ యనియు, ప్రసాదమును ‘ప్రతిఫలము’ అనియు వ్రాసినచో, చదివిన బాలునకు గుడిపై గౌరవమెట్లు నిలుచును? స్వామిని తీసివేసి గుడిని వర్ణించుట, ప్రాణము తీసివేసి దేహమును వర్ణించుటయే యగును.

సిద్ధాంతము

మొదటి ఆక్షేపమునకు సమాధానము ప్రమాణవ్యవస్థలోనే కలదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పిరి. ప్రతి ప్రమాణమునకును తనదైన విషయము కలదు. రూపము కంటికి విషయము. శబ్దము చెవికి విషయము. చెవి రూపమును చూపలేదని చెవిని నిందింపము. అట్లే, బింబమును ఎట్లు అర్చింపవలెనో చెప్పుటకు ఆగమమే ప్రమాణము. ఆ విషయమున శాసనమునకు అధికారము లేదు. కాని ఏ సంవత్సరమున ఏ ఊరివారు దీపమునకు గోవులనిచ్చిరో ఆగమము చెప్పదు. అది దాని విషయము కాదు. ఆ సంగతికి శాసనమే ప్రమాణము.

భోగశ్రీనివాసమూర్తియని భక్తులు సేవించు వెండిమూర్తి సంగతినే చూడుడు. ఆ మూర్తిని పల్లవ వంశజయైన సామవాయి యను రాణి సమర్పించెనని శాసనమువలన తెలియుచున్నది. శాసనమున రాజుయొక్క పాలనావర్షమే కలదు గాని శకవర్షము లేదు. రాజెవరో లిపిని బట్టియు, ఇతర సాక్ష్యములను బట్టియు ఊహింపవలసివచ్చెను. అందుచే గ్రంథములలో 614వ సంవత్సరమని ఒక గణనమును, 966వ సంవత్సరమని మరియొక గణనమును కానవచ్చుచున్నవి. రెంటికిని 352 సంవత్సరముల అంతరము! ఈ భేదమువలన భోగమూర్తి సన్నిధికి కొరత రాదు. నిత్యము జరుగు ఏకాంతసేవకు భంగము లేదు. కాలనిర్ణయము అనుమానప్రమాణమునకు చెందిన విషయము. సేవ ఆగమమునకు చెందిన విషయము. రెంటిని కలిపి కలహించువారు రెంటికిని ద్రోహము చేయుదురు.

అంతేకాదు. పురాణములు దేవతల మహిమను, మహాభక్తుల చరిత్రను చెప్పును. రాజుల కీర్తిని ప్రబంధములు చెప్పును. కృష్ణదేవరాయలు 1513, 1521 సంవత్సరముల నడుమ ఏడుమారులు తిరుమలకు వచ్చి కానుకలు సమర్పించెనని అందరకును తెలియును. కాని పూలతోట పెంచిన దాసుని సంగతి, తాను కూడబెట్టిన పణములను నైవేద్యమునకిచ్చిన వర్తకుని సంగతి, స్వామియెదుట ఆడిపాడి తన సొమ్మును స్వామికే అర్పించిన ఎంబెరుమానడియారు సంగతి ఏ పురాణమున కలదు? వారి పేరులు రాతిపై మాత్రమే మిగిలినవి. ఆ రాతిని చదువువాడు లేనిచో, ఆ భక్తులు రెండవమారు మరణించినట్లే. సామాన్య భక్తుల పేరులను వెలికిదీసిన పరిశోధకుడు, తెలిసియో తెలియకయో, భాగవతసేవయే చేసినవాడగును.

ఇక మూడవ ఆక్షేపము. అర్థమును పురుషార్థములలో నొకటిగా చెప్పినది మన శాస్త్రమే. ధర్మమునకు అవిరోధియైన అర్థము నింద్యము కాదు. తిరుమల శాసనములలోని అర్థవ్యవహారమును నిదానముగా చూచినచో ధర్మమే దాని రూపమున కదలినట్లు కనబడును. దాత యిచ్చిన ధనము కొండపైననే నిలువక పల్లెలోని పొలమునకు దిగినది. ఎండిన నేలకు నీరు వచ్చినది. రైతు పండించెను. ఆ ధాన్యము కొండకెక్కి తిరుప్పోనకమయ్యెను, అప్పమయ్యెను, అతిరసమయ్యెను, దోసపడియయ్యెను. స్వామికి నివేదితమై, దాతకు పాలు పోగా, ఆలయ సేవకులకును యాత్రికులకును అందెను.

ఆ నాలుగవ పాలును గూడ దాతలు పలుమారు తాము గైకొనక రామానుజకూటములకు వదలిరి. రామానుజకూటమనగా యాత్రికులైన శ్రీవైష్ణవులకు అన్నము పెట్టు సత్రము. 15వ శతాబ్దమున సాళువ నరసింహుని కాలమందు కందాడై రామానుజయ్యంగారు అట్టి కూటములకు అధికారియై యుండెను. ఆయన శిష్యులుగా బ్రాహ్మణేతరులైన సాత్తాద శ్రీవైష్ణవులు పూలతోటల కైంకర్యము చేసి, ప్రసాదమున పాలు పొందిరని శాసనములు తెలుపుచున్నవి. ఏ కులమువాడు ఏ సేవద్వారా స్వామిసన్నిధికి చేరువయ్యెనో ఈ లెక్కల పంక్తులే చెప్పినవి. ‘పెసలెన్ని, నేయి ఎంత’ అను లెక్కను నీరసమని తలచి విడిచినచో ఈ సంగతి తెలియునా?

అయినను మూడవ ఆక్షేపమున ఒక సత్యాంశము కలదు, దానిని ఒప్పుకొనవలెను. కాలువలను, పంటను, ధనమును మాత్రమే చెప్పినచో, ఇంతమంది ఎవరినిమిత్తము ఇచ్చిరను ప్రశ్న మిగిలిపోవును. చెరువు త్రవ్వించుటయే కోరిక యైనచో, ఊరిపెద్దలకే ధనమీయవచ్చును గదా. స్వామి భండారమున ఏల చెల్లింపవలెను? ఈ లోపమును మరియొక పరిశోధకుడు గుర్తించెను. చెన్నపట్టణమున తిరువల్లిక్కేణిలోని పార్థసారథిస్వామి ఆలయమును గూర్చి అర్జున్ అప్పాదురై షికాగో విశ్వవిద్యాలయముననే 1976లో పరిశోధన గ్రంథమును సమర్పించెను. అది 1981లో పుస్తకరూపమున వెలువడినది. ఆలయమున కేంద్రము దేవుడే యనియు, భక్తులు ఆ స్వామిని సర్వాధికారము గల రాజుగా భావించి సమర్పణలు చేయుదురనియు, స్వామి వానిని గైకొని తీర్థము, ప్రసాదము, పరివట్టము మొదలగు మర్యాదల రూపమున తిరిగి పంచుననియు ఆతడు వివరించెను. ఆలయమున జరుగు తగవులు గూడ ఆ స్వామి అనుగ్రహచిహ్నమైన మర్యాదను గూర్చినవే యని చూపెను.

అర్చకుడు ఎరిగినది, ‘స్వామివారే యజమాని’ యని వంటశాల పరిచారకుడు గూడ నిత్యము పలుకునది, పద్దెనిమిది సంవత్సరముల అంతరముతో అదే విద్యాపీఠమున సిద్ధాంతమై నిలిచినది. ఒక గ్రంథపు కొరతను మరియొక గ్రంథము తీర్చినది. పరిశోధనమునకు ఔషధము పరిశోధనమే, నిషేధము కాదు.

రెండవ ఆక్షేపము మిక్కిలి గట్టిది. దానికి సమాధానము అధికారి లక్షణమున కలదు. ఏ శాస్త్రమునకైనను విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నాలుగు అనుబంధములు చెప్పుదురు. అధికారి యనగా ఆ విషయమునకు తగిన సిద్ధత గలవాడు. కాంబెల్ దోషము ఆతని దేశమువలన కలిగినది కాదు. కోరినదానికంటె వేరైనది దొరకినపుడు దానిని స్వీకరించు సిద్ధత లేకపోవుటవలన కలిగినది. ఆ దోషము మనవారికిని రావచ్చును. ఆ రేకులు స్వామిసన్నిధికి చేరువగనే యుండెను. అయినను నూరేండ్లకు పైగా గడచినపిమ్మట గాని వాని సంగతి లోకమునకు తెలియలేదు. 1930ల దశకము మొదలు అవి ముద్రణము పొందుచు వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి విద్వాంసులు ఏండ్లతరబడి రేకులను చదివి, పాఠములను పరిష్కరించి, రాగములను విచారించిరి. నేడు ఇంటింట అన్నమయ్య పాట వినబడుటకు ఆ పండితుల కన్నులు అరిగిన శ్రమ కారణము. రేకుపై చెక్కిన రాగనామము మొదలు పదము తుదివరకు ఒక్క అక్షరమును గూడ తక్కువగా చూడనివాడే అట్టి పనికి అధికారి.

అధికారి యగుటకు మార్గమేమి? ప్రశ్నోపనిషత్తున ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షిని చేరిరి. మహర్షి వెంటనే సమాధానము చెప్పలేదు. మొదట ఒక సంవత్సరము తపస్సుతోను, బ్రహ్మచర్యముతోను, శ్రద్ధతోను తనయొద్ద నివసింపుమనెను. పిమ్మట ఇష్టమైన ప్రశ్నలు వేయవచ్చుననియు, తనకు తెలిసినచో అంతయు చెప్పెదననియు పలికెను. ఒక సంవత్సరపు సహవాసము ముందు, ప్రశ్న వెనుక. ‘నాకు తెలిసినచో’ అనుట గురువుయొక్క వినయము. సమాజమును పరిశీలించు నేటి విద్యార్థికి ఇంతకంటె చక్కని పాఠము లేదు. ఉత్సవమునాడు వచ్చి, ఛాయాచిత్రములు తీసికొని, నలుగురిని నాలుగు ప్రశ్నలడిగి వెడలిపోవువాడు యాత్రికుడగునేమో గాని పరిశోధకుడు కాడు.

మైసూరున 1916లో జన్మించిన ఎం.ఎన్. శ్రీనివాస్ ఈ మార్గమున నడచిన విద్వాంసుడు. కొడగుదేశపు జనుల మతమును, సమాజమును గూర్చి ఆయన చేసిన పరిశోధనమునకు 1947లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము డాక్టరు పట్టమిచ్చినది. అది 1952లో గ్రంథముగా వెలువడినది. ఒక సమూహము పై వర్ణములవారి ఆచారములను, పూజావిధులను స్వీకరించి సమాజమున తన స్థానమును పెంచుకొనుటకు ‘సంస్కృతీకరణము’ అని ఆయన పెట్టిన పేరు లోకప్రసిద్ధమైనది. 1948లో ఆయన మైసూరు ప్రాంతపు పల్లెయొకదానిలో నివసించి అచటి రైతుల జీవితమును పరిశీలించెను. ఆ పల్లెకు గ్రంథమున రాంపుర మని పేరు.

ఆ పరిశీలనములనుండి ఏండ్లకొలది కష్టించి సిద్ధపరచిన వ్రాతల మూడు ప్రతులును 1970 ఏప్రిల్ 24వ తేదీన అమెరికాలో, దుండగులు పెట్టిన అగ్నికి ఆహుతియైనవి. ఆయన నిరాశపడి విరమింపలేదు. పల్లెను జ్ఞప్తికి తెచ్చుకొని, జ్ఞాపకమునుండియే గ్రంథము రచించి 1976లో ప్రకటించెను. ఊరివారితో నిజముగా కలసి మెలసి జీవించినవాడు గనుకనే కాగితములు కాలినను ఊరు ఆయన మనస్సున మిగిలినది. గురుముఖమున విని ధారణ చేసిన విద్యయే విద్య యని పాఠశాలలలో చెప్పు మాటకు ఇది లౌకికనిదర్శనము.

కావున సిద్ధాంతమిది: ప్రమాణముల విషయభేదమును ఎరిగి, తగిన సిద్ధతతోను వినయముతోను చేసిన పరిశోధనము దేవాలయమునకు ఉపకారకమే. స్వామి మహిమను అది క్రొత్తగా స్థాపింపదు. స్థాపింపవలసిన అవసరమును లేదు. స్వామిని ఆశ్రయించి బ్రతికిన మనుష్యుల చరిత్రను అది నిలుపును.

సంగతి

సంగతి యనగా నిర్ణయించిన అర్థమునకు ముందు వెనుకలతో గల పొందిక. ఈ నిర్ణయమువలన ఎవరెవరికి ఏ కర్తవ్యము కలుగుచున్నదో చూడవలెను.

పరిశోధన చేయు విద్యార్థికి మొదటి కర్తవ్యము భాష. తిరుమల శాసనములను గూర్చి వ్రాయగోరు తెలుగు విద్యార్థి తమిళమును, గ్రంథలిపిని నేర్వవలెను. పూజావిధానమును గూర్చి వ్రాయువాడు సంస్కృతమును నేర్చి ఆగమగ్రంథమును గురువునొద్ద చదువవలెను. అనువాదముపై కట్టిన మేడ ఇతరుల స్థలమున కట్టిన మేడవంటిది. రెండవ కర్తవ్యము వాదరీతి. న్యాయశాస్త్రమున కథ మూడు విధములు. తత్త్వమును తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు చేయునది జల్పము. తనకొక పక్షము లేక పరపక్షమును ఖండించుటకే చేయునది వితండ. పరిశోధన గ్రంథము వాదము కావలెను. నమ్మకమును అవమానించుటకై వ్రాసినది వితండ. తన కులమును, తన ఊరిని, తన మఠమును హెచ్చుచేయుటకై వ్రాసినది జల్పము. రెండును పట్టమును తెచ్చిపెట్టునేమో గాని జ్ఞానమును తేజాలవు. మూడవ కర్తవ్యము కృతజ్ఞత. ఏ అర్చకుడు, ఏ డోలువాద్యకుడు, ఏ వృద్ధురాలు తనకు సంగతి చెప్పిరో వారి అనుమతితోనే వ్రాయవలెను; వ్రాసినది వారికి చదివి వినిపింపవలెను. వారు రహస్యముగా ఉంచుమన్నదానిని రహస్యముగానే ఉంచవలెను.

ఆలయాధికారులకును, ఊరిపెద్దలకును అంతకంటె త్వరితమైన కర్తవ్యము కలదు. జీర్ణోద్ధరణ మహాపుణ్యకార్యము. కాని ఉద్ధరణము పేరున పాతగోడలకు సున్నము మీద సున్నము పూయుట, రంగులు వేయుట, ఇసుకను వేగముగా చిమ్మించి రాతిని నునుపుచేయుట, శాసనమున్న బండను పగులగొట్టి మెట్టుగా పరచుట అనేక గ్రామములలో జరుగుచున్నవి. ఆచంద్రార్కముగా నిలువవలెనని దాత చెక్కించిన మాట ఒక్కపూటలో చెరిగిపోవుచున్నది. దాత ధర్మమును రక్షింపవలెనని శాసనము భావితరమును వేడుకొనినది. ఆ భావితరము మనమే. పని ప్రారంభించుటకు ముందు శాసనములకు ప్రతులు తీయించి, చదువగలవారికి చూపించుట సంప్రోక్షణలో ఒక అంగముగా భావింపదగినది.

ఈ పని క్రొత్తదియు కాదు, పరాయిదియు కాదు. రెండువందల సంవత్సరముల క్రిందట కర్నల్ మెకంజీ గ్రామచరిత్రలను సేకరింపజేసినపుడు, ఊరూర తిరిగి దేవాలయములలో శాసనములను వ్రాసికొన్నవారు, కరణములయొద్ద దండకవిలెలను చూచి కైఫియత్తులను వ్రాయించినవారు తెలుగు పండితులే. వారిలో కావలి వెంకట బొర్రయ్య అగ్రగణ్యుడు. ఆతడు 1803లో చిన్నవయస్సుననే మరణింపగా సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. మెకంజీ 1821లో గతించెను. నాటి దండకవిలెలలో అనేకములు పిమ్మట నశించినవి. ఆ ఊళ్ల సంగతి తెలిసికొనుటకు నేడు ఆ కైఫియత్తులే దిక్కు. నాడు ఆ కరణములు ‘మా పుస్తకము పరులకు చూపము’ అని దాచియున్నచో పుస్తకమును మిగిలెడిది కాదు, ప్రతియు మిగిలెడిది కాదు. తాళపత్రమును దాచుకొన్న అర్చకుడు ఈ సంగతిని స్మరింపవలెను. దాచుట వేరు, రక్షించుట వేరు.

ఇక గృహస్థులైన భక్తులకు. బిడ్డలు దేవాలయమును గూర్చి ప్రశ్నించినపుడు ‘అట్లు అడుగరాదు’ అని నోరు మూయింపరాదు. ప్రశ్నించు బిడ్డ గుడివైపు చూచుచున్నాడు. ప్రశ్నింపని బిడ్డ పలుమారు వేరువైపు చూచుచుండును. తెలిసినది చెప్పవలెను, తెలియనిచో పిప్పలాదునివలె ఆ మాటయే చెప్పి, తెలిసినవారియొద్దకు పంపవలెను. సందేహమును గురువునొద్ద నివేదించుట శిష్యధర్మము. సందేహమును మనస్సున దాచి పైకి తల వంచుట శ్రద్ధ కాదు.

తిరుమల గోడపై ఒక దాత పేరు, ఆతడిచ్చిన పణముల లెక్క, ఆతడు కోరిన నైవేద్యపు వివరము నేటికిని నిలిచియున్నవి. ఆతని వంశమేమయ్యెనో తెలియదు. ఆతని ఇల్లు లేదు. ఆతడు త్రవ్వించిన కాలువ పూడియుండవచ్చును. అయినను ఒక విద్యార్థి ఆ పంక్తిని అక్షరము అక్షరముగా చదివినపుడు, ఆ దాత స్వామియెదుట మరల ఒక్కమారు చేతులు జోడించి నిలుచుచున్నాడు. ఆ పంక్తిని చదువగల కన్నులను, చదువదగిన శ్రద్ధను మన బిడ్డలకు శ్రీనివాసుడు ప్రసాదించు గాక!